బడి గోడలో వేళ్ల గుర్తులు

శనివారం ఉదయం పదకొండుంబావుకు టూర్ మొదలైంది. 2013 జూన్. మా ఆవిడ పోయి ఏడాది దాటింది. పదేళ్లకు పైగా ఆమె వలంటీరు గైడ్‌గా పనిచేసిన ఆ పాత మిషన్‌కి, ఆమె లేకుండా నేను వెళ్లడం అదే మొదలు. పక్కింటి తెలుగువాళ్ల అమ్మాయి కారు నడిపింది. ఇక్కడే పుట్టిన పిల్ల, అప్పుడే కాలేజీలో చేరబోతోంది. మేముండే ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి ఉత్తరంగా మూడు గంటల దారి.

మిషన్ అంటే సరస్సు ఒడ్డున నాలుగు దుంగల ఇళ్లు: చర్చి, పాదిరి ఇల్లు, వంటశాల, బడి. వెనకటి కాలంలో మతప్రచారానికి తూర్పు నుంచి పడవల మీద వచ్చిన పాదిర్లు కట్టించినవి. ఇప్పుడది మ్యూజియం. పనిచేసింది బడి పిల్లలు. ఆ నేల అసలు ఎవరిదో ఆ ఆదివాసుల పిల్లలు. తల్లుల దగ్గర్నుంచి తెచ్చి, వాళ్ల భాష మాన్పించి, చదువు పేరుతో చాకిరీ చేయించారు.

చలిగాలి దూరకుండా దుంగల మధ్య సందుల్లో మట్టి, గడ్డి, సున్నం కలిపి వేళ్లతో నొక్కేవారు. బడి వెనక గోడలో, మోకాలి ఎత్తున, ఆ పాత మట్టి కొంత మిగిలి ఉండేది. అందులో వేళ్ల గుర్తులు. చాలా చిన్నవి. పాదిర్లు రాసుకున్న కాగితాల్లో పిల్లల పని గురించి ఒక్క ముక్క లేదు. ఉన్న సాక్ష్యం ఆ గోడే.

మా ఆవిడ తన టూర్‌ని అక్కడే ఎక్కువసేపు ఆపేది. తెలుగువాళ్ల పిక్నిక్ కూడా ఏటా ఆ సరస్సు దగ్గరే పెట్టించేది. ఒకసారి ఒకాయన విసుక్కున్నాడు.

"ఈ షెడ్డు చూడ్డానికా అక్కా, మూడు గంటలు డ్రైవ్ చేయించారు?"

"మీ ఇంటికి మీరు ఒక్క మేకు కొట్టారా తమ్ముడూ? సైన్ చేసి తాళాలు తీసుకున్నారు. ఇది మీ చంటాడి ఈడు పిల్లలు మెత్తిన గోడ. వంగి చూడండి. పొట్ట అడ్డమొస్తే కూర్చుని చూడండి."

అందరూ నవ్వారు. ఆయన కూర్చున్నాడు. కూర్చున్నాక చాలాసేపు లేవలేదు.

పిల్లల్ని గోడ తాకనిచ్చేది కాదు. పక్కన వేలు పెట్టి పోల్చుకోమనేది. మా పక్కింటి పిల్ల వేలు ఆరేళ్లప్పుడు ఒక గుర్తుకి సరిగ్గా సరిపోయింది.

ఇప్పటి గైడ్ కొత్తగా చేరిన అమ్మాయి, మర్యాదస్తురాలు. బడి ముందు నిలబడి, పాదిర్లు తమ చేతులతో కట్టుకున్నారని చెప్పింది. నేనూ పక్కింటి అమ్మాయీ బడి వెనక్కి వెళ్లాం. సందులన్నీ తెల్లగా, నున్నగా ఉన్నాయి. ట్యూబుల్లో వచ్చే రబ్బరు లాంటి పూత.

"అంకుల్, ఆంటీ ఇక్కడే కదా ఫింగర్ పెట్టమని చెప్పింది? ఎక్కడుంది అది?"

మేనేజర్‌ని పిలిపించాను. మా ఆవిడ పేరు చెప్పగానే నా చెయ్యి పట్టుకుని ఆమె ఎంత మంచిదో చెప్పాడు. పాత మట్టి రాలుతోందట, ఎలుకలు దూరుతున్నాయట. చర్చిని పెళ్లిళ్లకి అద్దెకిస్తున్నారు. పెళ్లికూతురు ముస్తాబయ్యే గది ఈ బడి. గీకిన మట్టి ఏం చేశారని అడిగాను. చెత్త డంప్‌స్టర్‌లో వేశామన్నాడు. ఆ గుర్తుల సంగతి మీకు తెలుసు కదా అన్నాను. తెలుసన్నాడు. ఫొటోలు తీశాం, వెతికించి పంపిస్తానన్నాడు.

"అంకుల్, హి న్యూ," అంది ఆ అమ్మాయి కార్‌లో కూర్చున్నాక. "తెలిసే చేశారు."

తెలియక చేసి ఉంటే నాకింత కోపం వచ్చేది కాదు. అక్కడ పాదిరి టోపీకి అద్దాల పెట్టె ఉంది. ఆయన గొడ్డలికి ఉంది. పిడి అరగని గొడ్డలి అది. పిల్లల చెయ్యి తగిలిన చోటుకి మాత్రం ఒక అద్దం ముక్క అడ్డం పెట్టలేకపోయారు.

కనీసం ఆ మాటైనా టూర్‌లో చెప్పించమని మిషన్ నడిపే కమిటీకి రాశాను. వేసవి అయిపోయాక జవాబు వచ్చింది. ఫొటోలు దొరకలేదట. ఆధారం లేని విషయాలు సందర్శకులకి చెప్పకూడదన్నది వాళ్ల పద్ధతట. ఆధారాన్ని చెత్తలో పోసినవాళ్లే నన్ను ఆధారం అడిగారు.

మా పిక్నిక్ ఫొటోలన్నీ తిరగేశాను. అన్నిట్లోనూ మనుషులే. వరసగా నిలబడి, గోడకి వీపు పెట్టి నవ్వుతున్నారు. ఒక్కరూ పక్కకి జరిగి ఆ మట్టిని ఫొటో తీయలేదు.

2015లో మా పక్కింటి అమ్మాయి ఒక్కతే వెళ్లి టూర్ మొదటినుంచి చివరిదాకా విని వచ్చింది. ఆ ఇళ్లు పిల్లలు కట్టారని ఇప్పుడక్కడ చెప్పడం లేదు.