సముద్రం వైపు గోడ

అంబ్రోసు వేలం పాడితే కోడిగుడ్డు కూడా బంగారం ధర పలుకుతుందని మణల్తోడు ఊరంతటికీ తెలుసు. ఆ ఆదివారం పూజ ముగిశాక, చర్చి వాకిట్లో వేసిన పందిరి కింద బల్ల మీదికెక్కి, పంచె ఎగ్గట్టి అతను మొదట చేతిలోకి తీసుకున్నది కోడిగుడ్డునే.

“చూసుకోండర్రా! నిన్న పెట్టిన గుడ్డు. అమ్మేస్తున్నామని పాపం కోడికింకా తెలీదు. పాడండి!”

పది రూపాయల దగ్గర మొదలైన పాట నవ్వుల మధ్య వందల్లోకి పోయింది. గెలిచినవాడు మా ఆనవాయితీ ప్రకారం డబ్బిచ్చి గుడ్డుని మళ్ళీ బల్ల మీదే పెట్టేశాడు. మళ్ళీ పాట, మళ్ళీ గెలుపు, మళ్ళీ బల్ల మీదికి. చివరికి ఐసు ఫ్యాక్టరీ రాఫేలు దాన్ని పాడుకుని, అక్కడికక్కడే పగలగొట్టి పచ్చిది గుటుక్కున మింగేశాడు. పిల్లలు ఈలలు వేశారు. మింగకపోతే సాయంత్రం దాకా ఆ ఒక్క గుడ్డునే అమ్ముతూ ఉండేవాళ్ళం.

ఈ సంబరమంతా నాటకం బల్లల కోసం. పోయిన వానాకాలం కడలి ఊళ్ళోకొచ్చి, మా చవిట్టు నాటకం వేదికని పలక కూడా మిగల్చకుండా ఎత్తుకుపోయింది. చవిట్టు అంటేనే తొక్కడం. పాదం కింద చెక్క ధనధనలాడాలి, ఆ మోతకి పాట అందుకోవాలి. చెక్క లేకుండా మఖమలు అంగీ, తగరపు కిరీటం వేసుకుని ఇసకలో గంతులేస్తే దాన్ని నాటకం అంటారా? పిచ్చి అంటారు.

అంబ్రోసు ఆ చెక్క మీదే పెరిగాడు. చిన్నప్పుడు రెక్కలు కట్టుకున్న దేవదూతగా ఎక్కాడు. అడుగు తప్పితే నాటకం నేర్పే గురువు, ఆశాన్, బెత్తంతో చీలమండ మీద ఒక్కటిచ్చేవాడు. గొంతు పగిలాక సైనికుడయ్యాడు, ఆ తర్వాత రాజయ్యాడు. ఇక రాజుగానే ఉండిపోయాడు. తెల్లారితే మాత్రం పరాయి పడవలో కూలికి పోవాల్సిందే. “రాజుని చూసి మోజుపడి చేసుకున్నాను, తీరా చూస్తే ఈయనకి సొంత వల కూడా లేదు” అని భార్య బ్రిజిత్త ఇప్పటికీ పదిమందిలో దెప్పుతుంది. అంబ్రోసు మీసం మీద చెయ్యేసుకుని నవ్వుతాడు. ఇప్పుడు తనే ఆశాన్.

ఈ ఏడు కుర్రాళ్ళు పట్టుబట్టారు. “ఆశానే, పాత రాజుల యుద్ధాలు చాలు. మన యుద్ధం వెయ్యండి. ఏటేటా సముద్రం ఎందుకు పైకొస్తోంది, ఒడ్డెందుకు కరిగిపోతోంది, అది ఆడండి” అన్నారు. అంబ్రోసుకి హుషారొచ్చింది. కడలి మీదికి కత్తి దూసిన రాజు కథ కట్టాడు. ఆ రాజు చేసే శపథం తనే రాసుకున్నాడు: ఈ ఒడ్డు నాది, నా కాలు ఇక్కణ్ణుంచి కదలదు. అభ్యాసంలో ఆ మాట విని ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

ఆ మాట రాసిన చేత్తోనే అతను ఒడ్డు వదిలి వెళ్ళిపోతానని సంతకం పెట్టొచ్చాడు.

ఏం చేస్తాడు మరి? పోయిన వరదలో బ్రిజిత్త మంచమ్మీద నిలబడి జపమాల తిప్పుతుంటే, కిటికీలోంచి పామొకటి ఈదుకుంటూ ఇంట్లోకొచ్చింది. నీళ్ళు తీశాక ఆవిడ ఒక్కటే మాటంది: “నేనింక ఉండను. నీ రాజ్యం నువ్వే ఏలుకో.” సర్కారు వాళ్ళు కాయలుకి, అదే ఊరి వెనక ఉప్పునీటి కయ్యకి, ఆవలి గట్టున, మిట్ట మీద ఇల్లిస్తామన్నారు. షరతొకటే. ఒడ్డున ఉన్న ఇల్లు పునాది దాకా పడగొట్టి స్థలం అప్పగించాలి. అంబ్రోసు సరేనన్నాడు. వేలం అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని బ్రిజిత్త చేత ఒట్టు వేయించాడు. రాజే పారిపోతున్నాడంటే బల్లలకి డబ్బెవరిస్తారు? అదీ అతని వాదన. తనకి తాను వెయ్యిసార్లు చెప్పుకున్నాడు, ఒక్కసారీ నమ్మకం కలగలేదు.

ఎందుకంటే అతని ఇంటి వెనకే, ఊరంతా చేచ్చి అని, అంటే అక్క అని, పిలిచే కత్రీన ఇల్లుంది. ఆ వరసలో మిగిలినవి ఆ రెండే. అల వచ్చి అంబ్రోసు గోడని గుద్ది, ఊపు చచ్చి, చేచ్చి గుమ్మంలోకి పిల్లకాలవలా చేరుతుంది. అందుకని వానలు తగ్గగానే ఆ ముసలావిడ సున్నం బొక్కెన పట్టుకుని తనే వచ్చేది. అంబ్రోసు ఇంటికి సముద్రం వైపున్న గోడలో పగుళ్ళన్నీ పూడ్చేది. వద్దంటే వినేది కాదు.

“ఇల్లు నీదిరా. గోడ మాత్రం నాది. నువ్వెళ్ళి పాటలు పాడుకో.”

సంతకం పెట్టినప్పటినుంచీ ఆవిడ ఎదురుపడుతుందేమోనని అంబ్రోసు చుట్టుదారిన తిరుగుతున్నాడు. ఆవిడ పంపిన చేపల పులుసు ముద్ద మింగుడుపడక, బ్రిజిత్త చూడకుండా పిల్లికి పెట్టేశాడు. ఛీ, ఇంతకంటే ఆ పాము కరిచుంటే బావుండేదని కూడా అనుకున్నాడు.

పనసకాయలు, అరటిగెలలు, ఓ జత బాతులు అమ్ముడయ్యాయి. అప్పుడు కత్రీన చేచ్చి తెల్లటి చట్ట రవికె, ముండు పంచె సర్దుకుంటూ వచ్చి గుమ్మడికాయ తెచ్చి బల్ల మీద పెట్టింది. పెరడంతా ఉప్పు పట్టి గడ్డి కూడా మొలవడం లేదు. ఆవిడ ఎక్కణ్ణుంచో మట్టి మోసుకొచ్చి, సిమెంటు సంచుల్లో పోసి పండించిన కాయ అది.

“మంచి ధర రాబట్టరా అంబ్రోసూ. లేకపోతే నీ నెత్తినే పగలగొడతాను.”

అందరూ నవ్వారు.  అంబ్రోసు మాత్రం ఆవిడ ముఖం చూడకుండా కాయనెత్తి పాట మొదలుపెట్టాడు. పోటీ రాఫేలుకీ, పడవల వాళ్ళకీ మధ్య నడిచింది. ఉన్నట్టుండి రాఫేలు లేచి నిలబడ్డాడు.

“ఐదు వేలు! కాని ఆశాన్ ఇక్కడే, ఇప్పుడే రాజు శపథం చెప్పాలి. అడుగేసి మరీ చెప్పాలి!”

పందిరంతా గోల. “చెప్పాలి! చెప్పాలి!” చర్చి ఫాదరు అచ్చన్ కూడా కుర్చీలోంచి చప్పట్లు కొట్టాడు. ఆడవాళ్ళ వైపు బ్రిజిత్త ఒక్కతే తల వంచుకుని కూర్చుంది. అంబ్రోసు ఇటు చూశాడు, అటు చూశాడు. తప్పించుకునే దారి లేదు. కాలెత్తి బల్ల మీద ధన్‌మని తొక్కాడు. ఈ ఒడ్డు నాది, నా కాలు ఇక్కణ్ణుంచి కదలదు అని గొంతెత్తి పాడాడు. దిక్కుమాలిన గొంతు ఆ రోజు కూడా ఎక్కడా వణకలేదు.

“ఐదు వేలు ఒకటోసారి! ఐదు వేలు రెండోసారి!”

“ఆగరా, నన్నో మాట చెప్పనీ” అంటూ కత్రీన చేచ్చి జనం వైపు తిరిగింది. “మొన్న ఆ ఇళ్ళ ఆఫీసు వాళ్ళు మళ్ళీ వచ్చారర్రా. ఇదే ఆఖరు, రాకపోతే నీ పేరు కొట్టేస్తాం అన్నారు. కొట్టేసుకోండి, నా ఇంటి ముందు మా అంబ్రోసు ఇల్లుండగా నాకేం భయం అన్నాను. టీ కూడా ఇవ్వకుండా పంపించేశాను!”

అంతా పకపకా నవ్వారు. అందరూ అంబ్రోసు మూడోసారి అంటాడని చూస్తున్నారు. అతను అనలేదు.  గుమ్మడికాయని మెల్లిగా బల్ల మీద పెట్టి, తనూ బల్ల దిగాడు.

“చేచ్చీ... నేను ఒప్పేసుకున్నాను.”

“ఏం ఒప్పుకున్నావు?”

“అవతల ఇల్లు. సంతకం పెట్టేశాను. శుక్రవారం వచ్చి మా ఇల్లు పడగొడతారు.”

నవ్వులు ఆగిపోయాయి. రాఫేలు ముఖం ఎర్రబడింది. “మరి ఇందాక బల్ల తొక్కి చెప్పిందేమిట్రా? మా అందర్నీ వెర్రివాళ్ళని చేశావా?”

“నువ్వుండు రాఫేలూ” అంది చేచ్చి. ఆవిడ గొంతులో కోపం లేదు. కోప్పడితే అంబ్రోసు ప్రాణం తేలికపడేది, కాళ్ళ మీద పడేవాడు. ఆవిడ మాత్రం పగులు ఎక్కడుందో వెతుకుతున్నదానిలా కాసేపు నేలకేసి చూసింది.

“ఇల్లు మొత్తం పడగొడతారా?”

“మొత్తం, చేచ్చీ.”

“ఆ సముద్రం వైపు గోడొక్కటీ ఉంచేస్తే వాళ్ళకేం పోతుంది? వానలు వెళ్ళేదాకా.”

“వాళ్ళు ఉంచరు చేచ్చీ. రూలు ఒప్పుకోదు.”

“అడిగావా?”

సంతకం పెట్టిన రోజు ఆ ఆఫీసులో అంబ్రోసు చాలానే అడిగాడు. కిటికీలు ఎన్ని వస్తాయని అడిగాడు. నీళ్ళ కుళాయి లోపలుంటుందా బయటుంటుందా అని అడిగాడు. అక్కణ్ణుంచి రేవుకి బస్సుందా అనీ అడిగాడు.

గోడ సంగతి అడగలేదు.