కూర పక్కన అన్నం

పోయిన గురువారం మధ్యాహ్నం మా అత్తమ్మ కన్నుమూసింది. అన్నం తిని, చేతులు కడుక్కుని వరండాలో కుర్చీలో కూర్చుంది. నేను గిన్నెలు సర్ది వచ్చేసరికి తల ఒక పక్కకు వాలి ఉంది. గుండె ఆగిపోయిందన్నారు డాక్టరు. ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారితో నా నోటివెంట వచ్చిన మొదటి మాట, "రెండు కాళ్లతోటి పోయింది పాస్టరు గారూ." ఆయన తలూపారు. హనుమకొండ సుబేదారిలో మా చర్చి సంఘంవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. తెలియనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

అత్తమ్మది వర్ధన్నపేట దగ్గర ఒక పల్లె. పొలంలో బతికిన మనిషి. మామయ్య షుగరుతో ఒక కాలు పోగొట్టుకుని మూడేళ్లు మంచంలో ఉండి చనిపోయాడు. ఆ మూడేళ్ల చాకిరీ ఆమెదే. అందుకని తనకూ షుగరుందని తెలిసిన రోజే చాయ్‌లో చక్కెర మానేసింది. పొద్దున, సాయంత్రం అన్నం బదులు రాగి జావ. నేనే కాచి, పెద్ద స్టీలు గ్లాసుతో రెండేసి గ్లాసులు పోసేదాన్ని. ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నానో అని లోపల కొంచెం గర్వం కూడా.

ఆరేళ్ల కింద ఒకరోజు ఆమె కాళ్లకు నూనె రాస్తుంటే కుడి కాలి బొటనవేలి పక్కన పుండు కనిపించింది. కొత్త చెప్పు కరిచింది. స్పర్శ తగ్గిపోయి ఆమెకు నొప్పే తెలియలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు చూసి, "షుగర్ దిగకపోతే ఇది మానదు. ఇంకా లోపలికి పోతే కాలు తీయాల్సి రావచ్చు" అన్నారు.

ఇంటికొచ్చాక అత్తమ్మ నా చేయి పట్టుకుంది. "బిడ్డా, నేను మీ మామను మోసిన. అదెట్లుంటదో నాకెర్క. నన్ను నువ్వు మొయ్యద్దు."

డాక్టరు ఇన్సులిన్ మొదలుపెట్టారు. తినేముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి ఇంట్లోనే షుగరు చూసుకుని రాయమన్నారు. మొదటి రోజే జావ తాగాక చూస్తే రెండు వందల పైనే ఉంది. నాకు ఏడుపొచ్చింది. రోజూ నా చేత్తో పోసిందే కదా. అత్తమ్మ మాత్రం ఖాళీ గ్లాసును అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది.

"రాగుల తప్పేం లేదు బిడ్డా. నా గ్లాసే పెద్దది."

ఆ రోజు నుంచి ఏది తిన్నా కొలిచి తినేది. ముందు ఆకుకూరో, బీరకాయో, చిక్కుడుకాయో పళ్లెం సగం నిండా. దాంతో పప్పు, లేకపోతే గుడ్డు. ఆ తర్వాతే ఒక జొన్న రొట్టె, కాదంటే గుప్పెడు అన్నం. "అన్నం మీద కూర కాదు, కూర పక్కన అన్నం" అనేది. తినగానే పది నిమిషాలు ఇంట్లోనే తిరుగుదామని లేస్తే, పుండు మానేదాకా ఆ కాలి మీద బరువు వేయొద్దని డాక్టరు ఆపారు. అదొక్కటే ఆమెకు కష్టమైంది. కూర్చున్నచోటే చేతులు ఊపేది.

చర్చిలో ఒకావిడ ఏదో ఆకు పొడి తెచ్చిచ్చి, సూదులు మానేయమంది. అత్తమ్మ పొడి తీసుకుంది, మర్యాదగానే. "నీ పొడి మంచిదే కావచ్చు అక్కా. సూది మాత్రం బంద్ జెయ్య. కాలు నాది గదా."

పుండు మానడానికి అయిదు నెలలు పట్టింది. కట్టు విప్పి, పుండు కోసం ఇంక రానక్కర్లేదని డాక్టరు చెప్పినరోజు నేను ఆటో పిలవబోయాను. వద్దంది. "బస్‌స్టాండు దాకా నడుద్దాం. జర మెల్లగ." దారిలో ఎవరు ఎదురైనా పలకరించింది, ముఖం తెలియనివాళ్లను కూడా.

ఆమె ఇష్టాలు చంపుకుని బతికిన మనిషి కాదు. క్రిస్మస్‌కి కేకు చిన్న ముక్క, భోజనం అయ్యాక, కళ్లు మూసుకుని తినేది. "దేవుడు తీపిని సూసుకుంట కూసోమని చెయ్యలే" అనేది.

ఆమెను వేధించింది ఒక్కటే. నా భర్త షుగరు పరీక్ష చేయించుకోడు. తల్లికీ తండ్రికీ ఉన్నది తనకూ ఉంటుందని భయం. "నాకేమైంది? మంచిగనే ఉన్న" అంటాడు. "తెల్వకపోతె లేకుంట పోతదారా?" అని ఆమె అడిగితే లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

సమాధి కార్యక్రమం అయిన నాలుగో రోజు పొద్దున చొక్కా వేసుకుని వచ్చి, "పోదాం పా" అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు.

నిన్న రిపోర్టు వచ్చింది. డాక్టరు చదివి, "మీకు షుగర్ ఇంకా రాలేదు. అంచు మీద ఉన్నారు. తిండి, నడక చూసుకుంటే ఇక్కడ్నే ఆపొచ్చు" అన్నారు. నేను రెండుసార్లు చెప్పించుకున్నాను. ఆటోలో కూర్చున్నాక నా భర్త కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. తల్లిని మట్టిలో దింపినప్పుడు కూడా కంటతడి పెట్టని మనిషి, కిందికి వంగి, మోకాళ్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. డ్రైవరు అద్దంలోంచి ఒకసారి చూశాడు. ఆటోను రోడ్డు పక్కకు తీసి, ఇంజన్ ఆపి, హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కనుంచి బస్సులు పోతూనే ఉన్నాయి.