వెదురు గేట్ల మధ్య కప్ప కలా

మంచు నేను ఐసు బండి మీద తప్ప ఎక్కడా చూడలేదు. అయినా నా సైకిలు పందేల బతుకంతా మంచుకొండల మీద జారేవాళ్ల దగ్గర నేర్చుకున్నదే.

నాలుగో తరగతితో బడి మానేసి బర్మాలో మా పజుండౌంగ్ పేట బియ్యం మిల్లులో పడ్డవాణ్ని. దేశం తలుపులన్నీ మూసుకున్న రోజులవి. బయటి పేపరు రాదు, బయటి మనిషి రాడు. పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలమ్మే మనిషి దగ్గర అట్ట ఊడిపోయిన విదేశీ పత్రిక ఒకటి దొరికింది. అందులో ఒకడు కాళ్లకు పొడుగాటి చెక్కలు కట్టుకుని, మోకాళ్లు రొమ్ముకు ఆనించి, పాతిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ కొండ దిగుతున్నాడు. బొమ్మల కింద ఇంగ్లీషు కూడబలుక్కుని చదివాను. గాలికి ఛాతీ చూపించకూడదు. చూపు ముందున్న కర్ర మీద కాదు, దాని తర్వాతి కర్ర మీద ఉండాలి. ఆ రెండు ముక్కలు చాలాయి నాకు. గురువంటూ ఎవరైనా ఉంటే ఆ కాగితాలే.

మా పేట పక్కన పారే క్రీకు మీది వంతెన దిగేటప్పుడు అందరూ నిటారుగా కూర్చుని దిగేవారు. నేను హ్యాండిల్‌కి గడ్డం ఆనించి, ముడుచుకుని దిగేవాణ్ని. జనం పగలబడి నవ్వి 'కప్ప కలా' అని పేరు పెట్టారు. కలా అన్నది ఇక్కడ మా రంగు వాళ్లందరినీ పిలిచే పిలుపు. కప్ప మాత్రం నా ఒక్కడికే. ఒళ్లు మండేది. గెలుస్తున్నది నేను, చెవిన పడేది ఆ పేరు! పందేలు ఆదివారాలే కావడంతో, ఆదివారం పూట వాలు దిగేవాడు చివరికి ఎక్కడికి దిగుతాడో మా పాస్టరుగారు నా పేరెత్తకుండా ప్రసంగించేవారు.

దేశం జట్టుకి ఎంపికలన్నారు. ఎంపిక పందెంలో నా ముందు ఎవడూ లేడు. బల్ల వెనక కూర్చున్న అధికారి నా కార్డు అటూ ఇటూ తిప్పి, "ఇది విదేశీయుల కార్డు కదా," అన్నాడు. నేను పుట్టింది ఆ క్రీకు పక్కన. మా నాన్న పుట్టిందీ అక్కడే. నా వెనక వచ్చినవాడు విమానం ఎక్కాడు, నేను మిల్లుకి పోయాను. ఈ ముక్క రాయొద్దంటుంది మా ఆవిడ. ఎందుకు రాయకూడదు? రాస్తాను.

ఎనభై ఎనిమిది, ఎనిమిదో నెల, ఎనిమిదో తారీకున జనం సర్కారు మీద లేచారు. నాలుగెనిమిదుల తిరుగుబాటు అని మేం చెప్పుకుంటామే, అదే. అప్పుడు మా ఆవిడ నిండు మనిషి. ఊరి అవతలి కొసన సంచౌంగ్‌లో ఉన్న వాళ్లక్కని చూసొస్తానని వెళ్లి, కాల్పులు మొదలై అక్కడే చిక్కుకుపోయింది. బస్సులు ఆగిపోయాయి. తర్వాత సర్కారే ఎటో పోయింది. ప్రతి వీధీ తనకు తానే ఒక వెదురు గేటు కట్టుకుంది. మంచినీళ్లలో విషం కలపడానికి సర్కారు మనుషుల్ని వదిలిందని పుకారు. ఎరగని మొహమైతే తల ఉండదన్నారు. కొన్నిచోట్ల ఉంచలేదు కూడా.

పక్కింటి వాళ్ల సైకా అడిగి తెచ్చాను. సైకిలుకి పక్కన సీటు బిగించిన మా ఊరి రిక్షా అది. మా అమ్మ గుమ్మంలో అడ్డంగా కూర్చుంది.

"ఏటిరా, నీ నల్ల మొకాన్ని ఆ గేట్లకాడ ఎవుడెరుగును?"

"అక్కడ దానికి నొప్పులొస్తే ఎవడు చూస్తాడే? మంత్రసాని ఇక్కడుంది."

అమ్మ కాళ్లు ముడుచుకుని దారిచ్చింది. "ఎల్లు. మెల్లగా తొక్కు. పందేనికి ఎల్తన్నావనుకోకు."

వెళ్లేటప్పుడు ఖాళీ బండి. తిట్లు తిన్నాను, వదిలేశారు. తిరిగొచ్చేటప్పుడు బండిలో మా ఆవిడ, ఆమె ఒళ్లో గుడ్డ కట్టిన కుండ. పురుడయ్యాక తినమని వాళ్లక్క చేసిచ్చిన కాయం అందులో ఉంది. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు బెల్లంలో ఉడికించిన నల్లటి ముద్ద.

ష్వేడగోన్ పగోడా ఉన్న గుట్ట వాలు దగ్గరి గేటులో ఆపేశారు. ముందు నిలబడ్డవాడి చేతిలో రబ్బరుతో కొట్టే బాణాలు. సైకిలు స్పోకుల్ని అరగదీసి చేసినవి. నిజం చెప్పాలంటే ముందు నాకు భయం కాదు, కోపం వచ్చింది. దేశంలో దొరకని మంచి స్పోకులు!

"కుండలో ఏముంది?"

"బాలింత మందు," అంది మా ఆవిడ బర్మా భాషలో.

గుడ్డ విప్పి వాసన చూసి వెనక్కి తగ్గాడు. "అయితే తిను, చూస్తాం."

ఆమె చెయ్యి పెట్టబోయింది. నేను గభాలున పట్టుకున్నాను. కాన్పు కాకుండా కాయం తింటే ఆ వేడికి నొప్పులొచ్చేస్తాయని మా వాళ్ల భయం.

"చూశారా! పెళ్లాన్ని తిననివ్వడంలేదు!"

ఈటెలాంటి వెదురు కొన నా గొంతు దగ్గరికొచ్చింది. ఏం చెప్పినా వినే మొహాలు కావవి. కుండలో చెయ్యి పెట్టి పిడికెడు తీసి నోట్లో కుక్కుకున్నాను. నిప్పు మింగినట్టయింది. కళ్లు ఎర్రబడి, ఊపిరాడక, దగ్గుతూ దగ్గుతూ హ్యాండిల్ మీదికి ఒరిగిపోయాను.

"విషం! విషమే!"

"ఓలమ్మో, అంతేసి తింటారేటండీ! ఉసిరికాయంత మింగాల గానీ!" అని మా ఆవిడ ఏడుపు.

టీకొట్టు బల్ల మీంచి ఒక ముసలాయన లేచొచ్చాడు. నా చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు.

"ఆగండ్రా. ఆ వంగడం నేనెరుగుదును. నువ్వు కప్ప కలావి కదూ? నువ్వు ఓడతావని పందెం కాసి ఎన్ని టీలు పోగొట్టుకున్నానో! ఏదీ, సరిగ్గా వంగు."

గడ్డం హ్యాండిల్‌కి ఆనించి, మోచేతులు లోపలికి లాక్కున్నాను. ముక్కు కారుతోంది, కళ్లు కారుతున్నాయి. ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గేటు గేటంతా నవ్వింది.

"మన కప్పేరా!" అన్నాడు ముసలాయన. తర్వాతి గేటు వైపు తిరిగి కేకేశాడు: "కప్ప కలా వస్తున్నాడు! పెళ్లాం నిండు మనిషి, దారివ్వండి!"

ఆ కేక మాకంటే ముందు దిగింది. మేం వెళ్లేసరికి ఒక్కో వెదురూ లేచే ఉండేది. నా చూపు మటుకు ఎప్పుడూ ఆ తర్వాతి గేటు మీదే. బ్రేకు వదల్లేదు. వాలు మీద నేను అంత నెమ్మదిగా దిగింది ఆ ఒక్కనాడే. పజుండౌంగ్‌లో మా గుమ్మం కనబడ్డాక గానీ గుండె నిండా గాలి పీల్చలేదు. అమ్మ ఇద్దర్నీ తల నుంచి కాలి దాకా తడిమి చూసి, లోపలికెళ్లి పొయ్యి రాజేసింది.

ఆ వారంలోనే సుఖంగా ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు ఆ పిల్లే ఫోనులో మంచు పందేలు పెట్టి, "నాన్నా, నీలాగే వంగుతున్నారు," అంటుంది. "వాళ్లు కాయం తినరమ్మా," అంటుంది వాళ్లమ్మ. "బాలింతని నేనైతే సగం కుండ ఈయన తినేశారు."

నా మోకాళ్లు ఇప్పుడు మెట్టు కూడా ఎక్కనివ్వవు. ఆ బల్ల వెనకాయన మీద కోపం అలాగే ఉంది, చచ్చేదాకా ఉంటుంది. కానీ వీధిలో ఏ పాత ముసలోడైనా "కప్ప కలా!" అని కేకేస్తే మాత్రం, "ఏటి?" అని పలుకుతాను.