పింగ్ వస్తోంది

నెట్‌వర్క్ కంపెనీ ఆఫీసులో అతన్ని సొంత పేరుతో పిలిచి ఎన్నాళ్లయిందో. అందరికీ అతను 'పింగు'. ఎవరు ఏ ఫిర్యాదు చెప్పినా ఈ చివరనున్న రూటర్ నుంచి ఆ చివరనున్న రూటర్‌కి చిన్న పలకరింపొకటి పంపి, జవాబు రాగానే "పింగ్ వస్తోంది, మీవైపు చూసుకోండి" అనేవాడు. ఇరవై ఏళ్లుగా ఆ మాటతోనే నెట్టుకొచ్చాడు. దాన్ని అనుభవం అనుకున్నాడు కానీ, నిజానికది బద్ధకం.

అతని పని సొరంగాలు వెయ్యడం. దూరంగా ఉన్న రెండు చోట్లు ఒకే తీగకు తగిలించినట్టు పనిచెయ్యాలంటే, మధ్యలోని పెద్ద నెట్‌వర్క్ గుండా దారి వెయ్యాలి. రెండు చివర్లా ఒకే నంబరు ఇస్తే సొరంగం తెరుచుకుంటుంది. లోపలికి వెళ్లే ప్రతి సమాచారపు పొట్లానికీ రూటర్ లేబుళ్లు అంటిస్తుంది. మధ్య రూటర్లు విప్పి చూడకుండా, లేబుల్ చూసి దాటిస్తాయి. లేబుళ్లతో పొట్లం కాస్త లావెక్కుతుంది కాబట్టి మధ్య రూటర్లలో ఆ మేరకు చోటు పెంచాలి. కొత్తవాళ్లకు ఈ పాఠం చెప్పేది కూడా అతనే.

ఆ సోమవారం పొద్దున్నే, అన్నయ్యా వదినా ఉండే ఊరి ఆసుపత్రి లైనును కొత్త సొరంగంలోకి మార్చాడు. ఆ ఆసుపత్రిలో స్కాన్ తీస్తారే గానీ చదివే డాక్టరు లేడు. బొమ్మలు నగరంలోని పెద్దాసుపత్రికి వెళ్లాలి. నంబర్లు కలిశాయి, పింగ్ వచ్చింది. చోటు పెంచడం మరిచాడు.

పదకొండింటికి స్కానింగ్ అమ్మాయి ఫోన్ చేసి, బొమ్మలు వెళ్లడం లేదనీ, పేషెంటుకి తల మీద దెబ్బ అనీ చెప్పింది. పింగ్ కొట్టాడు. వచ్చింది. ఎప్పటి మాటే చెప్పి టీకి వెళ్లాడు. ఆమె ఇంకో రెండుసార్లు చేసింది. రెండుసార్లూ అదే మాట విన్నది.

మూడింటికి అన్నయ్య ఫోన్. వదిన మెట్ల మీద జారి పడిందట, పొద్దున తీసిన స్కాన్ పెద్ద డాక్టరు ఇంకా చూడలేదట. అమ్మ పోయాక చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించిన వదిన.

ఈసారి నిండు పొట్లం పంపాడు. జవాబు లేదు. చిన్నవి దూరిపోతున్నాయి, పెద్దవి మధ్యలోనే రాలిపోతున్నాయి. మధ్య రూటర్లో ఒక్క లైను మార్చాడు. రెండు నిమిషాల్లో బొమ్మలన్నీ దాటాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

బస్సు దిగి ఆసుపత్రికి వెళ్లేసరికి అన్నయ్య వరండాలో బెంచీ మీద వదిన చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తలలో రక్తం గడ్డకట్టిందట. పొద్దున్నే చూసి ఉంటే తీసేవాళ్లమనీ, ఇక చేసేదేమీ లేదనీ డాక్టరు చెప్పాడట.

"మీ కంపెనీ లైనేనట కదరా," అన్నాడు అన్నయ్య. "ఆ పిల్ల మూడుసార్లు మొత్తుకుందట. ఎవడో బాగానే ఉందని ఫోన్ పెట్టేశాడట."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారంటారు. అతనికి చేతులే లేవలేదు. చెప్పాల్సిందంతా నిండు పొట్లంలా మధ్యలోనే రాలిపోయింది. ఆ బెంచీ మీదే తన ప్రాణం కూడా పోతే బాగుండుననిపించింది.

"వాడెవడో కాస్త కనుక్కోరా. నిన్ను తప్ప ఎవర్నడగను?"

"కనుక్కుంటాను అన్నయ్యా," అన్నాడు.