నాయన వీపుకు పెట్టిన కరెంటు

దయ్యాలు, గాలి, చేతబడి అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. ఇది రాయడానికి కూడా ఓపిక లేక ఇన్నేళ్లు ఆగాను.

తొంభైల మధ్యలో మాట. మాది ఉదయగిరి. నేను ఆత్మకూరులో గుమాస్తాను, రోజూ బస్సులో పోయి రావడం. నాయనకు గుండె బలహీనం. కాళ్లు వాచేవి. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు, రాత్రంతా కూర్చునే ఉండేవాడు. మందులు పనిచేయడం లేదని నెల్లూరు డాక్టరు బ్యాటరీతో నడిచే ఒక చిన్న పెట్టె ఇచ్చాడు. రెండు వైర్లు, వాటి చివర రబ్బరు బిళ్లలు. బిళ్లలు వీపుకు అంటించి మీట తిప్పితే నరాలకు సన్నగా కరెంటు తగిలి గుండెకు భారం తగ్గుతుందట. ఖాయమని చెప్పలేను, చూద్దాం అన్నాడు.

పొద్దున గంట, సాయంత్రం గంట. ఆ పని నాది. బస్సు దిగి చెప్పులు విప్పకముందే ఆ బిళ్లలు. నిజం చెప్పాలంటే విసుగు పుట్టేది.

నెల గడిచినా మార్పు లేదు. తర్వాత ఒక వారం మాత్రం బాగా తేలికపడ్డాడు. వాపు దిగింది. మూడో రోజు వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. అట్లా చూసి ఎన్ని నెలలైందో, నాకు ఏడుపొచ్చింది. బిళ్లలు పెట్టగానే "జివ్వుమంటా ఉండాదిరా, కొంచెం తగ్గించు" అనేవాడు. బిళ్ల పక్కన కండ అదరడం నా కళ్లతో చూశాను. వేలు పెడితే నాకూ చురుక్కుమంది.

ఎనిమిదో రోజు సాయంత్రం అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, కొంగు ముడి విప్పి పెట్టెలోని బ్యాటరీ నా చేతిలో పెట్టింది. మా చర్చి సంఘంలో ఆడవాళ్లు నాయన కోసం ఆ వారం రోజులూ ఉపవాస ప్రార్థన పట్టారు. సగం నమ్మకం మిషను మీద పెట్టుకుని ప్రార్థన చేస్తే ఎట్లా అని ఒక పెద్దామె అన్నదట. అమ్మ మొదటి రోజే బ్యాటరీ తీసేసి, మా ఇద్దరికీ చెప్పకుండా దాచింది.

"నయం చేసింది పెట్టె కాదురా, దేవుడు" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. పిచ్చి పని చేశావని అరిచాను. పెట్టె వెనక మూత తీసి చూస్తే ఖాళీ. కరెంటు తగులుతోందని నాయన ఊహించుకున్నాడు, సరే. మరి నా వేలికి తగిలిందేమిటి?

అమ్మ వద్దంటున్నా బ్యాటరీ పెట్టేసి, బిళ్లలు అంటించి మీట తిప్పాను. నాయన కాసేపు చూసి, ఏమీ తెలియడం లేదన్నాడు. చివరిదాకా తిప్పాను. కండ కదలలేదు. కొత్త బ్యాటరీ తెచ్చి వేసినా అంతే. మర్నాటి నుంచి మళ్లీ కాళ్లు వాచాయి. నెల్లూరు తీసుకుపోతే డాక్టరు ఆ బిళ్లలు తన చేతికే పెట్టుకుని, బాగానే పనిచేస్తోంది కదా అన్నాడు.

బ్యాటరీ పెట్టిన పదో రోజున నాయన పోయాడు.

జబ్బు ముదిరింది, పోయాడు. డాక్టరూ అదే చెప్పాడు. వేలికి తగిలినదాన్ని మాత్రం ఎక్కడా సర్దుకోలేకపోతున్నాను. దేవుడే అయితే ఒక బ్యాటరీకి అలిగిపోతాడా? అదీ నమ్మలేను.

సమాధి చేసి వచ్చాక అమ్మ నన్ను తిట్టలేదు. ఒకే మాట అడిగింది.

"బాగుండాడు గదరా. ఎందుకు పెట్టినావు?"