తమ్ముడి కవితల్లో టాకా

వీధిలో అందరికీ ఆవిడ కాజాలక్క. చొక్కాకు కాజా కుడితే ఆవిడే కుట్టాలి. మనిషి మంచిదే గానీ నోటికి హద్దూ పద్దూ లేదు. కొలతలివ్వడానికి వచ్చి పొట్ట లోపలికి లాగిన పెద్దమనిషిని కూడా, ఊపిరి వదలండి బాబూ, రేపు తొడుక్కున్నాక ఎంతసేపని బిగబడతారు అని దులిపేసేది.

తల్లి పోయాక తమ్ముణ్ణి ఆ కుట్టుమిషను మీదే పెంచింది. వాడు మిషను పక్కన కూర్చునే చదువుకుని, పెద్దయ్యాక కవి అయ్యాడు. కవి కాకముందు వాడికున్న గొప్ప విద్య ఒకటే, అక్కలా మాట్లాడి స్నేహితుల్ని నవ్వించడం. అందుకే వాడి పుస్తకం అచ్చయి వచ్చిన రోజున ఆవిడ ఆత్రంగా తెరిచి, టాకా, అతుకు, పోగు అంటూ తన మాటలే కంటబడేసరికి టక్కున మూసేసింది. ఇంట్లో వెక్కిరించింది చాలక ఊరందరి ముందూ పెట్టాడనుకుంది. తల కొట్టేసినట్టయింది. సన్మానానికి పిలిస్తే తలనొప్పని పడుకుంది. వాడూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఏళ్ళు గడిచి వాడు కన్నుమూసినా ఆ ముల్లు మాత్రం ఆవిడ మనసులోంచి రాలేదు.

ఇప్పుడు వాడి కవితలన్నీ కలిపి మళ్ళీ వేస్తున్నారు. పుస్తకం చివర తెలియని మాటలకు అర్థాలు, ఏ మాట ఎక్కడి నుంచి వచ్చిందో వివరాలు రాసే పని ఒక పంతులమ్మ మీద పడింది. ఆమె వెతుక్కుంటూ కొట్టుకు వచ్చి, టాకా అంటే ఏమిటని అడిగింది. అక్కకు ఒళ్ళు మండింది. ఇక అర్థం తెలుసుకుని మరీ నవ్వుతారన్నమాట అనుకుంది. అయినా గుమ్మంలోకి వచ్చిన మనిషిని పొమ్మనలేక, కుడుతున్న చొక్కా చూపించి ముక్తసరిగా చెప్పింది. గుడ్డముక్కలు కదలకుండా ముందు వదులుగా వేసే కుట్టు టాకా. అసలు కుట్టు పడ్డాక దాన్ని లాగి పారేస్తారు. తొడుక్కున్నవాడికి అదొకటి ఉండేదని కూడా తెలియదు.

పంతులమ్మ వెంట తెచ్చిన పుస్తకం తెరిచి నెమ్మదిగా చదివింది.

"కుదురుగా ఉన్నానని
అందరూ నన్ను మెచ్చుకుంటారు.
కుదిరేదాకా పట్టి ఉంచిన టాకా మా అక్క.
ఆ దారం నేను పారేయను."

అక్క చేతిలో సూది ఆగిపోయింది. ఇంకోసారి చదవమంది. పంతులమ్మ చదివింది.

"చదువుకున్నదానివి, నిజం చెప్పమ్మా. ఇందులో వెక్కిరింత ఎక్కడైనా ఉందా?"

"లేదండీ. పుస్తకమంతా వెతికినా లేదు."

ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. ఎవరి చొక్కానో కూడా చూసుకోకుండా దాని చేతితోనే కళ్ళు తుడుచుకుంది.

"వెధవ, బతికుండగా ఈ ముక్క నాతో అనుంటే వాడి సొమ్మేం పోయేది?"

టాకా అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందని రాయమంటారని పంతులమ్మ అడిగింది.

"వాళ్ళక్క దగ్గర నేర్చుకున్నాడని రాయి," అంది ఆవిడ. "పెద్ద అక్షరాల్లో వేయమను."