దక్షిణపు గోడకు కన్నం

ముత్తాతగారని గౌరవంగా చెప్పుకోమంటారు మావాళ్ళు. నాకు నోరు రాదు. పెద్దిరాజు అనే అంటాను.

పద్దెనిమిది వందల తొంభైల మాట. తణుకు దగ్గర పల్లెలో పెద్ద మాగాణి ఉన్న ఇల్లు. వంటింటికి మాత్రం పెరటి గుమ్మం తప్ప ఇంకో సందు లేదు. ముసురు పట్టిందంటే తడిసిన పిడకలు రాజుకోవు, పొగ కదలదు. ఆ పొగలోనే ఆయన భార్య మరిడమ్మ ముప్పై ఏళ్ళు ఊదుగొట్టం ఊదింది.

"గోడకి చిన్న కిటికీ పెట్టించండీ, కళ్ళు మండిపోతున్నాయండీ" అని ఎన్నిసార్లు బతిమాలిందో! గాలి తగిలేది దక్షిణపు గోడకే. అది యముడి దిక్కు, దానికి కన్నం పెడితే ఇంటి యజమాని పోతాడని ఎవరో ఆయన చెవిలో ఊదారు.

"నన్ను చంపుదామనటే?" అని గయ్యిమనేవాడు. మహానుభావుడు! ఆ పొగలో ఉడికిన అన్నం వసారాలో పీటేసుకుని తినడానికి మాత్రం ఏ భయమూ లేదు.

మరిడమ్మ కళ్ళు ముందు మసకబారాయి, తర్వాత పూర్తిగా పోయాయి. ఊదుగొట్టం కోడలి చేతికొచ్చింది. ఆ కోడలే మా నాయనమ్మ అచ్చాయమ్మ. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాళ్ళుంటారు మరి!

ఆ ఇంట్లో కోడలు మామగారి ఎదుట పడకూడదు, మాటైనా తలుపు చాటునుంచే. ఒకరోజు మరిడమ్మ పాత అలవాటుకొద్దీ గంజి వార్చబోయి రెండు చేతులూ కాల్చుకుంది. అచ్చాయమ్మ గునపం పట్టుకుని నేరుగా వసారాలోకి వచ్చి మామగారి ముఖంలోకి చూసింది.

"దక్షిణపు గోడ పొడుస్తున్నానండి మావయ్యగారూ."

"నేను పోతానే!"

"పోతే పోతారండి."

తల్లి చేతులు చూసిన కొడుకు పక్కకి తప్పుకుని పెళ్ళానికి దారిచ్చాడు. చూరు కింద రెండు జానల కన్నం పడింది. పైరగాలి దూసుకొచ్చి పొగనంతా పెరట్లోకి తోసేసింది. "అబ్బ, ఊపిరాడుతోందే తల్లీ" అని మరిడమ్మ ఏడ్చేసింది.

పెద్దిరాజు పోలేదు. భయంతో మంచం పట్టాడు. దగ్గొస్తే యముడు, తుమ్మొస్తే యముడు. అచ్చాయమ్మ రోజూ గుమ్మంలో నిలబడి, "ఒంట్లో ఎలా ఉందండి?" అని ఎంతో మర్యాదగా అడిగేది. బాగా అయింది!

ఏడాది తిరక్కుండానే ఆయన కోడలికి చేతులు జోడించాడు.

"ఆ కన్నం పూడ్చెయ్యమ్మా, నీకు పుణ్యముంటుంది."

"అలాగేనండి. అత్తయ్యగారి కళ్ళు తెచ్చివ్వండి, ఈ పూటే పూడ్చేస్తాను."